చేతి కత్తులకు సరైన ఉక్కు ఎంపిక

ఉద్దేశం: ఈ భాగం చదివిన తరువాత మీరు పనిని బట్టి కత్తికి ఉక్కును ఎంచుకోగలుగుతారు, రకం తెలియని పాత ఉక్కును పరీక్షించగలుగుతారు.

1. కత్తికి కావలసిన గుణాలు

అంచు అరగకుండా నిలవడానికి కాఠిన్యం కావాలి. దెబ్బకు విరగకుండా ఉండడానికి దృఢత్వం కావాలి. సాధారణంగా ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది. అందువల్ల 'ఏది మంచి ఉక్కు?' అని కాక, 'ఏ పనికి మంచిది?' అని అడగాలి.

2. కార్బన్ పాత్ర

ఎర్రగా కాల్చి నూనెలో ముంచినప్పుడు ఉక్కు ఎంత గట్టిపడుతుందో ప్రధానంగా కార్బన్ నిర్ణయిస్తుంది. ఇంటి నిర్మాణానికి వాడే చువ్వలో కార్బన్ సుమారు 0.3 శాతం లోపే ఉంటుంది. దానితో చేసిన కత్తికి అంచు నిలవదు.

కొమ్మలు నరికే కత్తికి ఇఎన్ 45 వంటి స్ప్రింగ్ ఉక్కు అనువైనది. అందులో కార్బన్ 0.5 నుంచి 0.6 శాతం ఉంటుంది, దెబ్బను ఓర్చుకుంటుంది. కూరగాయలు తరిగే పలుచని కత్తికి బేరింగులు చేసే ఇఎన్ 31 మేలు. అందులో కార్బన్ సుమారు 1 శాతం.

నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో పూర్వం మూసలలో తయారుచేసిన ఉక్కులో కార్బన్ ఇంకా ఎక్కువ. అటువంటి ఉక్కును మరీ ఎక్కువ వేడిలో సాగగొడితే సుత్తి కిందే పగులుతుంది.

3. తుప్పు సంగతి

తుప్పును గట్టిగా నిరోధించాలంటే క్రోమియం కనీసం 10.5 శాతం ఉండాలి. ఇఎన్ 31లో ఉన్నది సుమారు 1.4 శాతమే. కనుక ఆ కత్తిని కడిగి, తుడిచి, నూనె రాయాలి. స్టెయిన్‌లెస్ కత్తి ఉక్కును గట్టిపరచడానికి సాధారణంగా 1000 డిగ్రీల సెల్సియస్ దాటిన, అదుపులో ఉన్న వేడి అవసరం. బొగ్గుల కొలిమిలో ఇది కష్టం.

4. పాత ఉక్కు పరీక్ష

పాత లారీ కమాన్ పట్టీ చవక. కానీ ఏళ్ల తరబడి బరువు మోసిన పట్టీలో కంటికి కనిపించని పగుళ్లు ఉండవచ్చు. ముందుగా చిన్న ముక్క కోయండి. అయస్కాంతానికి అంటనంత వరకు కాల్చి, మరికొంచెం వేడిచేసి, నూనెలో ముంచండి. చల్లారాక ఆకురాయితో రాయండి. ఆకురాయి జారితే ఉక్కు గట్టిపడినట్లు. కొరికితే ఆ ఉక్కు కత్తికి పనికిరాదనుకోవచ్చు. జింకు పూత ఉన్న ముక్కను మాత్రం కాల్చకండి. ఆ పొగ హానికరం.

గట్టిపడిన కత్తి గాజులా పెళుసుగా ఉంటుంది. దాన్ని సుమారు 200 డిగ్రీల వద్ద గంట నుంచి రెండు గంటలు మళ్లీ వేడిచేయాలి. నరికే కత్తికి ఇంకొంత ఎక్కువ వేడి ఇవ్వాలి. ఈ దశ వదిలేస్తే అంచు ముక్క ఎగిరి పనివాడి కంటికే తగలవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. కొమ్మలు నరికే కత్తికి ఇఎన్ 31 కంటే ఇఎన్ 45 ఎందుకు అనువైనది?
2. మీ ఊరి కమ్మరి వాడే ఉక్కు ఏ వస్తువు నుంచి వచ్చిందో తెలుసుకుని, అది ఏ పనికి తగినదో కారణాలతో రాయండి.