పేరు కుదిరితేనే బేరం

ఊళ్లో కొట్టుకు బోర్డు లేకపోయినా జనం గుర్తుపట్టి వస్తారు. ఇంటర్‌నెట్‌లో కొట్టు పెడితే ఆ వీలు లేదు, పేరే దారి. దీన్నే డొమైన్ పేరంటారు.

తెలుగువాడైన ఫణీంద్ర సామ మిత్రులతో కలిసి 2006లో బెంగుళూరులో బస్సు టిక్కెట్ల సంస్థ పెట్టి 'రెడ్‌బస్' అన్నారు. ఒకసారి వింటే చాలు, మరచిపోరు. 'ఎర్రబస్సెక్కి వచ్చాడ'ని పల్లెవాణ్ణి వెక్కిరించే పట్నంవాళ్లే ఆ పేరుతో టిక్కెట్లు కొంటున్నారు! అమెరికాలో ఫేస్‌బుక్ వారు పేరు ముందున్న 'ది' వదిలించుకోవడానికి 2005లో 2 లక్షల డాలర్లు పోశారు.

మన కుర్రకారు చిక్కు వేరు. బెల్లమో, మామిడి తాండ్రో అమ్మడానికి 'శ్రీలక్ష్మి' అని పెట్టుకుంటారు. ఇంగ్లీషు అక్షరాల్లో 'శ్రీ'ని మూడు రకాలుగా, 'లక్ష్మి'ని రెండు రకాలుగా రాస్తారు. ఫోనులో చెబితే విన్నవాడు వేరొకరి కొట్టుకు పోతాడు. తెలుగు లిపిలో 'డాట్ భారత్' పేర్లున్నా వాడకం తక్కువ.

డబ్బు కట్టినా ఆ పేరు సొంతం కాదు, కౌలే. గడువులోగా రుసుము కట్టకపోతే చేజారుతుంది. సైటు తయారుచేసిన వాడి పేరున నమోదైతే మరీ ప్రమాదం, కొట్టు మనది, తాళం వాడిది. నమోదు ఎవరి పేరున ఉందో ఇప్పుడే చూసుకోవడం మంచిది.