ఇల్లు మారుతున్నారా? పెయింటింగ్ జాగ్రత్త!

మా నాన్నగారు వేసిన నాలుగడుగుల కాన్వాస్ పెయింటింగ్‌ని కిందటిసారి ఇల్లు మారినప్పుడు లారీలో పడుకోబెట్టాం. మంచం కోడు గుచ్చుకుని చిరిగిపోయింది. మళ్ళీ వేసివ్వడానికి ఆయన లేరు. నాలా మీరు బాధపడకూడదనే ఈ నాలుగు మాటలు.

ఆయిల్ పెయింటింగ్ పూర్తిగా ఆరడానికి నెలలు పడుతుంది. పచ్చిగా ఉంటే కట్టేయకండి. ఆరాక, ఆర్ట్ షాపుల్లో దొరికే నున్నటి గ్లాసిన్ కాగితం కప్పండి. న్యూస్‌పేపర్ వద్దు, సిరా అంటుకుంటుంది. మూలలకి అట్ట మడిచి తొడిగి, ముందూ వెనకా బొమ్మకంటే పెద్ద అట్టలు పెట్టండి. బబుల్ షీట్ ఆ పైనే చుట్టాలి. రంగుకి తగిలిందా, బుడగల అచ్చులు పడతాయి. ఇద్దరు చెరోవైపు ఫ్రేము పట్టుకుని ఎత్తండి. బండిలో నిలబెట్టి, కదలకుండా తాడు కట్టండి. బొమ్మకి ఏదీ ఆనించకండి.

మా బొమ్మకి వెనక అతుకు వేయించాం. చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. మీకా బాధ వద్దమ్మా!