కాగితపు రాకెట్టు తిన్నగా పోవుట ఎట్లు?

దీపావళినాడు తారాజువ్వలు కాల్చునపుడు పుల్ల విరిగిన జువ్వను అంటించవద్దని పెద్దలు పిల్లలను హెచ్చరింతురు. పుల్ల విరిగినంత మాత్రమున జువ్వలోని మందు తగ్గలేదు. మంట బలమును తగ్గలేదు. అయినను అట్టి జువ్వ పైకి పోవుటకు మారుగా గిరగిర తిరిగి ఏ గడ్డివామి మీదికో, ఏ ఇంటి చూరులోనికో దూసికొనిపోవును. జువ్వను ముందునకు త్రోయునది మందు. దానిని దారి తప్పకుండ నిలుపునది పుల్ల. త్రోయుట వేరు, దారిలో నిలుపుట వేరు. రాకెట్టు విద్యలో మొదటి పాఠము ఇదియే.

ఈ పాఠము నేర్చుకొనుటకు మందుగుండుతో పనిలేదు. ఒక తెల్లకాగితము, కొంచెము జిగురు, రవ్వంత బంకమట్టి, పానీయములు త్రాగెడు స్ట్రా ఒకటి ఉన్న చాలును. వీనితో చేసిన రాకెట్టు వెల ఒక రూపాయి కూడ కాదు. కాని దాని నడకను శాసించు సూత్రములే నిజమైన రాకెట్ల నడకను కూడ శాసించుచున్నవి.

రాకెట్టు నిర్మాణము

చదరపు మీటరు 80 గ్రాములు తూగు మామూలు కాగితమునుండి 20 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు గల ముక్కను కత్తిరింపుడు. దానిని స్ట్రా చుట్టు పొడవుగా చుట్టి జిగురుతో అంటింపుడు. స్ట్రాపై సులభముగా జారునట్లు కొంచెము వదులుగా చుట్టవలెను. ఇట్లు తయారైన గొట్టము వ్యాసము సుమారు 7 మిల్లీమీటర్లు, బరువు 0.8 గ్రాము ఉండును. ఒక కొనను గాలి వెడలకుండ చిన్న కాగితపు ముక్కతో మూయవలెను. ఇది రాకెట్టు ముక్కు. రెండవ కొన తోక. తోక వైపునుండి స్ట్రాను లోనికి దూర్చి బలముగా ఊదిన రాకెట్టు ఎగిరిపోవును.

రెక్కలు లేని ఈ గొట్టమును ముందుగా ఊది చూడుడు. అది కొద్ది దూరము పోయి, పల్టీలు కొట్టి పడిపోవును. ఇంకను గట్టిగా ఊదిన బాగుండునని విద్యార్థులు సామాన్యముగా అనుకొందురు. గట్టిగా ఊదినను అది పల్టీలే కొట్టును. లోపమున్నది ఊదుటలో కాదు, నిర్మాణములో.

రెండు బిందువులు

గాలిలో స్వేచ్ఛగా పోవుచున్న వస్తువు తిరుగవలసి వచ్చినపుడు తన గరిమనాభి, అనగా గురుత్వ కేంద్రము, చుట్టు తిరుగును. రాకెట్టును కొలబద్ద అంచుపై అడ్డముగా ఉంచి, అది ఎటును వాలక నిలుచు చోటును గుర్తించిన, అదియే దాని గరిమనాభి.

ఇక రెండవ బిందువు. రాకెట్టు ఏ కారణముచేతనో కొంచెము పక్కకు ఒరిగినదనుకొందము. అది పోవుచున్న దారి మారలేదు గాని ముక్కు మాత్రము దారి తప్పి పక్కకు చూచుచున్నది. అపుడు ఎదురుగాలి రాకెట్టు ప్రక్కభాగముపై తగులును. ఆ తాకిడి గొట్టముపైనను రెక్కలపైనను అంతటను పరచుకొని ఉన్నను, దాని మొత్తము ఫలితము ఒక్క బిందువువద్ద పనిచేయుచున్నట్లు భావింపవచ్చును. దీనిని పీడన కేంద్రము అందురు.

పీడన కేంద్రము గరిమనాభికి వెనుక ఉన్నచో, గాలి తోకను త్రోసి మరల దారిలోనికి తెచ్చును. ముక్కు దానంతట అదియే సరియగును. పీడన కేంద్రము గరిమనాభికి ముందున్నచో, గాలి ముక్కును ఇంకను పక్కకు త్రోయును, రాకెట్టు తిరుగబడును. రెండును ఒకేచోట ఉన్నచో ఒరిగిన రాకెట్టును సరిదిద్దువారెవరును లేరు. బాణము చివర ఈకలు కట్టుటయు, షటిల్ బంతికి బరువైన బెండు ముందును తేలికైన ఈకలు వెనుకను ఉండుటయు ఈ సూత్రమును బట్టియే. బరువు ముందుండవలెను, గాలి పట్టునది వెనుక నుండవలెను.

తారాజువ్వ పుల్ల చేయు పనియు ఇదియే. పుల్ల పొడవుగా ఉండుటచే గాలి తాకిడి చాల వెనుకకు పోవును. పుల్ల తేలికగా ఉండుటచే గరిమనాభి అంతగా వెనుకకు పోదు. పుల్ల విరిగినచో ఈ ఎడము నశించును.

లెక్క వేసి చూతము

పీడన కేంద్రమును సుమారుగా కనుగొనుటకు సులభమైన ఉపాయము కలదు. రాకెట్టు నీడ ఆకారమును అట్టపై గీచి, కత్తిరించి, ఆ అట్టముక్క గరిమనాభిని కొలబద్ద అంచుపై కనుగొనవలెను. అట్ట బదులు లెక్కతోను దీనిని సాధింపవచ్చును. దూరములన్నియు ముక్కునుండి కొలుతము.

రెక్కలు లేని గొట్టము గరిమనాభి సరిగా నడుమ, 10 సెంటీమీటర్ల వద్ద ఉండును. దాని నీడ వైశాల్యము 20 × 0.7, అనగా 14 చదరపు సెంటీమీటర్లు. ఆ నీడ కేంద్రమును 10 సెంటీమీటర్ల వద్దనే యుండును. రెండు బిందువులు కలిసిపోయినవి. నిజమునకు స్థితి ఇంతకంటె విషమము. కొద్దిగా ఒరిగిన రెక్కలులేని గొట్టముపై గాలి బలము ముఖ్యముగా ముక్కు దగ్గరనే పనిచేయును. పల్టీలకు కారణమిదియే.

ఇపుడు తోకవద్ద నాలుగు రెక్కలు అతికింతము. ఒక్కొక్కటి గొట్టము వెంబడి 3 సెంటీమీటర్లు, వెలుపలికి 2 సెంటీమీటర్లు. నాలుగింటి బరువు సుమారు 0.2 గ్రాము, వాని కేంద్రము 18.5 సెంటీమీటర్ల వద్ద ఉండును. కొత్త గరిమనాభి:

(0.8 × 10 + 0.2 × 18.5) ÷ 1.0 = 11.7 సెం.మీ.

నీడలో రెండు రెక్కలు మాత్రమే పూర్తిగా కనబడును. వాని వైశాల్యము 12 చదరపు సెంటీమీటర్లు. కొత్త పీడన కేంద్రము:

(14 × 10 + 12 × 18.5) ÷ 26 = 13.9 సెం.మీ.

రెక్కలవలన రెండు బిందువులును వెనుకకే జరిగినవి. అయితే గరిమనాభి 1.7 సెంటీమీటర్లు జరుగగా పీడన కేంద్రము 3.9 సెంటీమీటర్లు జరిగినది. రెంటి నడుమ 2.2 సెంటీమీటర్ల ఎడము ఏర్పడినది. ఈ ఎడము కనీసము గొట్టపు వ్యాసమంత ఉండవలెనని నమూనా రాకెట్లు చేయువారి నియమము. మన రాకెట్టులో అది మూడు వ్యాసములంత ఉన్నది.

ఆ రెక్కలనే ముక్కువద్ద అతికించిన ఏమగును? ఇదే లెక్క ప్రకారము గరిమనాభి 8.3, పీడన కేంద్రము 6.1 సెంటీమీటర్ల వద్ద ఉండును. కాగితము అదే, బరువు అదే, ఊదిన బలమును అదే. కాని ఈ రాకెట్టు గాలిలోనికి పోగానే వెనుదిరిగి, రెక్కలున్న కొనను వెనుక ఉంచుకొనుటకు యత్నించును. ఏ కొన ముక్కు, ఏ కొన తోక అని తేల్చునది మనము పెట్టిన పేరు కాదు. ఆ రెండు బిందువుల వరుస.

నీడ ఉపాయము గాలి పూర్తిగా ప్రక్కనుండి తగిలినపుడు మాత్రమే సరిపోవును. కొద్దిగా ఒరిగిన రాకెట్టులో రెక్కలు తమ వైశాల్యమునకు మించి గాలిని పట్టును. కావున రెక్కలున్న రాకెట్టు పీడన కేంద్రము నీడ చూపినదానికంటె వెనుకనే ఉండును. దానిని మరింత నిక్కముగా లెక్కించు సమీకరణములను నాసాలో పనిచేసిన జేమ్స్ బారోమన్ 1966లో నమూనా రాకెట్లు చేయువారికి అందించెను.

బంకమట్టి చేయు పని

ముక్కులో అర గ్రాము బంకమట్టి పెట్టిన, గరిమనాభి 11.7 నుండి 8 సెంటీమీటర్లకు ముందునకు వచ్చును. ఎడము దాదాపు 6 సెంటీమీటర్లగును. రాకెట్టు మరింత నిలకడగా పోవును.

ఇచట ఒక పొరపాటు అభిప్రాయమును తొలగించుకొనవలెను. బరువైన ముక్కును భూమి ఎక్కువగా లాగుటచే రాకెట్టు సరియగునని చాలమంది తలంతురు. అది నిజము కాదు. భూమ్యాకర్షణ ఫలితము గరిమనాభివద్దనే పనిచేయును గనుక, ఆ బిందువు చుట్టు రాకెట్టును త్రిప్పగల భ్రామకము దానికి లేదు. త్రిప్పునది గాలి ఒక్కటియే. మట్టి చేయునదెల్లను గాలి చేతికి పొడవైన మీటను అందించుటయే. గాలిలేని చంద్రునిపై మట్టియు రెక్కలును ఈ పనికి పనికిరావు.

ఇట్టి అభిప్రాయము మహాశాస్త్రజ్ఞులను సైతము భ్రమింపజేసినది. ద్రవ ఇంధనముతో మొట్టమొదటి రాకెట్టును అమెరికాలోని ఆబర్న్ వద్ద 1926 మార్చి 16న రాబర్ట్ గొడ్డార్డు ఎగురవేసెను. అందులో ఇంజను పైనను, ఇంధనపు తొట్లు క్రిందను ఉండెను. బరువు క్రింద వ్రేలాడుచున్నచో లోలకమువలె రాకెట్టు నిలువుగా ఉండునని ఊహ. ఆ రాకెట్టు 2.5 సెకనులు ఎగిరి, 41 అడుగుల ఎత్తు లేచి, 184 అడుగుల దూరమున పడినది. లోలకమునకు పైన కదలని కొక్కెము కలదు. రాకెట్టులో ఆ కొక్కెమే ఇంజను. రాకెట్టు ఒరిగిన అదియు ఒరుగును. కావున ఇంజను పైన ఉంచుటవలన నిలకడ రాదు. గొడ్డార్డు త్వరలోనే ఇంజనును అడుగుకు మార్చెను. తరువాత 1932లో గైరోస్కోపు సాయముతో రాకెట్టును నడుపుటకు యత్నించెను. ఊహ తప్పుట అవమానము కాదు. పరీక్ష చెప్పినది వినకపోవుటయే శాస్త్రమునకు తగనిది.

మితిమీరిన నిలకడ

అట్లయిన రెక్కలు ఎంత పెద్దవైన అంత మేలా? కాదు. పెద్ద రెక్కలు వాయు నిరోధమును పెంచును; దూరము తగ్గును. మరియు పక్కగాలి వీచుచున్నపుడు ఎడము మిక్కిలి ఎక్కువైన రాకెట్టు తన ముక్కును ఆ గాలికి ఎదురుగా త్రిప్పుకొనును. మట్టియు అట్లే: ఎక్కువైన ఊదిన గాలి దానిని వేగముగా త్రోయలేదు, మరీ తక్కువైన తేలికైన రాకెట్టును గాలి త్వరలోనే ఆపివేయును.

రెక్క కొంచెము వంగినను రాకెట్టు ఒకవైపునకు తిరుగును. అన్ని రెక్కలను ఒకే వైపునకు కొద్దిగా, సమముగా వంచినచో రాకెట్టు తన చుట్టు తాను తిరుగుచు పోవును. అపుడు చిన్నచిన్న వంకరల ఫలితము అన్ని దిక్కులకు పంచబడి దారి తిన్నబడును. గాలి దిద్దుబాటు వేగముపై ఆధారపడునని కూడ గుర్తుంచుకొనవలెను. వేగము సగమైన ఆ బలము నాలుగవ వంతగును. కనుకనే బయలుదేరు క్షణమున రాకెట్టుకు దారి చూపుటకు స్ట్రా అవసరము. స్ట్రా తోకలోనికి చాలవరకు దిగి ఉండవలెను.

తరగతిలో ప్రయోగము

ఉపాధ్యాయులు నాలుగు రాకెట్లు చేయింపవచ్చును: రెక్కలు లేనిది, తోక రెక్కలది, ముక్కు రెక్కలది, తోక రెక్కలతో పాటు మట్టియు గలది. ఎగురవేయుటకు ముందే ప్రతి విద్యార్థియు రెండు బిందువులను కొలిచి, ఏది ఎట్లు పోవునో వ్రాసి ఉంచవలెను. పిదప ఒకే కోణమున ఒక్కొక్కదానిని ఐదుసార్లు ఊది, పోయిన దూరమును, గీచిన గీతనుండి పక్కకు తొలగిన దూరమును నమోదు చేయవలెను. ఒక రాకెట్టునే వరుసగా ఐదుసార్లు ఊదరాదు. ఊదువాడు అలసిన కొలది కడపటి రాకెట్టుకు అన్యాయము జరుగును. నాలుగింటిని వంతులవారీగా ఊదవలెను. ఒక మార్పు ఫలితము తెలియవలెనన్న ఆ ఒక్కటియే మారవలెను.

ఎదుట ఎవరును నిలువరాదు. ముక్కున సూది, గుండుసూది వంటివి పెట్టరాదు. కంటికి తగిలిన కాగితమును అపాయమే. నిలకడలేని రాకెట్టు ఎటు తిరుగునో ముందుగా చెప్పలేము.

నెల్లూరు తీరమునకు చేరువనున్న శ్రీహరికోటనుండి 1971 అక్టోబరు 9న మొదట ఎగిరినది రోహిణి–125 అను చిన్న రాకెట్టు. అట్టి పరిశోధక రాకెట్లను దారిలో నిలుపునవి తోకరెక్కలే. పి.ఎస్.ఎల్.వి. వంటి పెద్ద వాహనములు రెక్కలపై ఆధారపడక, వెలువడు మంట దిశను మార్చుకొనుచు తమ్ము తాము సరిదిద్దుకొనును. అందులకు క్షణక్షణము కొలిచి ఆజ్ఞ ఇచ్చు యంత్రములు కావలెను. మన కాగితపు రాకెట్టుకు అట్టి మెదడు లేదు. దానికి కావలసిన తెలివి అంతయు అది ఎగురకముందే, దానిని చేసినవాని చేతిలో ఉండవలెను. కావున విద్యార్థి రాకెట్టు పల్టీ కొట్టినపుడు మరింత గట్టిగా ఊదుమని చెప్పక, కొలబద్దను అందించి ఆ రెండు బిందువులు ఎచ్చట ఉన్నవో చూడుమని చెప్పుట మేలు.