డ్రమ్ము కన్నా దండెం నయం

పాత ఇనుప డ్రమ్ముకు అడుగున గాలి కంతలు పెట్టి, లోపల జాలీ బిగించి, కింద బొగ్గులూ చెక్కముక్కలూ రాజేసి మాంసానికి పొగ పట్టించే విద్య వీడియోల పుణ్యమా అని మన మేడల మీదికీ ఎక్కింది. ఆదివారం పూట కోడికాళ్లు పొగలో మగ్గబెట్టుకుని వేడివేడిగా తింటే పేచీ లేదు, అది వంట. పొగ పట్టిన మాంసం నిలవ ఉంటుందని నమ్మి, అదే డ్రమ్ములో నెలల సరుకు తయారు చేయబోతేనే చిక్కు. సూరత్ లాంటి ఊళ్లో ఇంటి సరంజామాతో మాంసం నిలవ చేయాలంటే నమ్ముకోవలసింది పొగను కాదు, ఉప్పునూ ఎండనూ. లింబాయత్, ఉధనా వైపు మరమగ్గాల పనికి వెళ్లి స్థిరపడ్డ తెలంగాణ కుటుంబాలకు ఇది కొత్త సంగతేమీ కాదు. వాళ్ల సొంత జిల్లాల్లో ఎండు తునకలనీ, ఒరుగులనీ పిలిచే వంటసరుకు ఇలాగే తయారవుతుంది. దానికి కావలసిన పరికరమల్లా ఒక తాడు.

మాంసంలో నాలుగింట మూడు వంతులు నీరే. కుళ్లబెట్టే సూక్ష్మజీవులు బతికేది ఆ నీటి మీద. ఉప్పు అందులో కొంత బయటికి లాగుతుంది, మిగిలినదాన్ని వాటికి అక్కరకు రాకుండా చేస్తుంది. తునకలకు ఎముక తీసేసి, కొవ్వు వీలైనంత కోసేయాలి. కొవ్వు ఎండదు సరికదా, నాలుగు రోజులకే వాసన కొడుతుంది. పీచు వెంట పలచగా, పొడుగ్గా పట్టీలు కోసి, ఉప్పూ పసుపూ కారమూ పట్టించి దండెం మీద ఒకదానికొకటి తగలకుండా వేలాడదీస్తారు. తాడు నూలుది అయితే మంచిది (పాలిస్టర్ దారానికి పుట్టిల్లులాంటి సూరత్‌లో అదొక్కటే వెతుక్కోవాలేమో). కిలో మాంసానికి 40 గ్రాముల ఉప్పంటే నాలుగు శాతమే కదా అనిపిస్తుంది. కానీ మాంసం ఎండి మూడో వంతుకు దిగేసరికి అదే ఉప్పు 12 శాతం దాకా అవుతుంది. మాంసపు నీటిలో ఉప్పు పది శాతం దాటితే ప్రాణాంతక విషం పుట్టించే బోట్యులినం సూక్ష్మజీవి పెరగలేదు. ఎండ చేసే పని ఇదే, నీటిని తగ్గిస్తూ ఉప్పు ఘాటు పెంచడం. ఆ ఉప్పుకు ఇక్కడ కొదవ లేదు. దేశంలో తయారయ్యే ఉప్పులో మూడొంతులకు పైగా గుజరాత్‌దే. 1930 ఏప్రిల్ 6న గాంధీజీ ఉప్పు తీసిన దండి అప్పట్లో సూరత్ జిల్లాలోనిదే.

పొగకు శక్తి లేదనడం లేదు. చెక్క నెమ్మదిగా రగిలినప్పుడు వచ్చే ఫినాల్స్, ఆమ్లాలు, ఫార్మాల్డిహైడ్ బూజునూ సూక్ష్మజీవులనూ అడ్డుకుంటాయి. అయితే ఆ అడ్డంతా పైపొరకే. ముక్క నడిమికి అది చేరదు. 1820 ప్రాంతంలో జర్మనీలోని వ్యుర్టెంబర్గ్‌లో యుస్టినుస్ కెర్నర్ అనే వైద్యుడు జనం ప్రాణాలు తీస్తున్న ఒక తిండి విషం గురించి పరిశోధించి రాశాడు. ఆ విషం దొరికింది పచ్చి మాంసంలో కాదు, శుభ్రంగా పొగ పట్టించిన సాసేజీల్లో. గాలి చొరబడని, తడి ఆరని లోపలి భాగమే బోట్యులినానికి చక్కని గూడు. పైగా యూరప్‌వాళ్ల చల్లపొగ పద్ధతి చలిదేశాల్లో పుట్టింది. బయటి చలే అక్కడ శీతలపెట్టె. సూరత్‌లో జనవరి రాత్రుల్లో కూడా సగటున 15 డిగ్రీల దాకా ఉంటుంది, పగలు 30 దాకా పోతుంది. అయిదు నుంచి అరవై డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు చకచకా పెరుగుతాయి. ఆ వేడిలో తడి మాంసపు దిమ్మను రోజుల తరబడి గోరువెచ్చని పొగలో ఉంచడమంటే వాటిని పెంచి పోషించడమే.

మరి నాగాలాండ్ తేమలో పంది మాంసాన్ని పొగలో నిలవ చేయడం లేదా అని అడగవచ్చు. చేస్తున్నారు. అక్కడ మాంసం వేలాడేది నిత్యం మండే వంటపొయ్యి పైన. పొగతో పాటు ఆ వేడి రోజూ దాన్ని ఎండబెడుతూనే ఉంటుంది. సగం పని ఆరబెట్టడమే చేస్తోంది. గ్యాసు పొయ్యి ఉన్న అపార్టుమెంటులో ఆ పొయ్యిని వారాల పాటు ఎవరు మండిస్తారు? గుజరాత్ తీరంవాళ్లు తేల్చుకున్న దారి వేరు. జాఫరాబాద్‌లో బొంబిల్ చేపలను రెండేసి చొప్పున దవడలు ఒకదానిలో ఒకటి తగిలించి, వెదురు దండేల మీద ఎండగడతారు. బొంబిల్ పలచని చేప, సముద్రపు గాలి దానికి చాలు, పొగ ఊసే లేదు. ఆ ఎండు బొంబిల్‌తోనే పార్సీలు తారాపోరీ పాటియో వండుతారు. మరాఠ్వాడా దళితుల వంటింట్లో ‘చాన్యా’ అనే ఎండు మాంసమూ ఎండలో తయారైనదే. తెలంగాణ నుంచి సూరత్ దాకా దారి పొడవునా సాక్ష్యం ఎండ వైపే ఉంది.

విదేశీ పద్ధతుల్లో వాడే నైట్రైట్ ఉప్పు సంగతేమిటి? పూర్వం ఆ పని పెట్లుప్పు, అంటే సురేకారం చేసేది. ఇప్పుడు వాడే గులాబీ రంగు మిశ్రమంలో సోడియం నైట్రైట్ 6.25 శాతమే, మిగతాది మామూలు ఉప్పు. అది కిలోకు రెండున్నర గ్రాములు సరిపోతుంది. నైట్రైట్ శుద్ధరూపంలో కొద్ది గ్రాములే మనిషిని చంపగలవు కాబట్టి చెంచా కొలతలకు లొంగే సరుకు కాదది. దిమ్మలకూ సాసేజీలకూ అది అవసరమే. పలచగా కోసి గాలి ఆడేలా ఎండబెట్టే తునకలకు అక్కర్లేదు, ఎందుకంటే గాలి తగిలేచోట బోట్యులినం పెరగదు. పటాకుల సరుకో ఎరువుల కొట్టు సరుకో తెచ్చి మాంసానికి పూయడం మాత్రం ఎవరూ చేయకూడని పని.

గట్టి అభ్యంతరం ఆరోగ్యానిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో ఉప్పులో ఊరిన, పొగ పట్టిన మాంసాలను క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందన్నది దాని లెక్క. ఉప్పు పట్టిన తునకలకూ ఆ జాబితాలో మినహాయింపు లేదు. కానీ తునకలు పళ్లెం నిండా తినేవి కావు. చింతచిగురులోనో గోంగూరలోనో పిడికెడు వేస్తే ఇంటిల్లిపాదికీ కూరవుతుంది. ముందు వేడినీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పారబోస్తే ఉప్పు చాలావరకు పోతుంది. రోజుకు అయిదు గ్రాములకు మించి ఉప్పు తినవద్దని కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది కనుక రక్తపోటు ఉన్నవాళ్లు అరుదుగా తినడమే మంచిది. ఫ్రిజ్ ఉండగా ఈ బాధెందుకంటే, జవాబు రుచే. ఫ్రిజ్ మాంసాన్ని ఉన్నదున్నట్టు ఉంచుతుంది, ఎండ దాన్ని చిక్కబరుస్తుంది.

వంటకోసమైనా సరే డ్రమ్మే కావాలనుకుంటే అది అంతకుముందు ఏం మోసిందో తెలియాలి. పాండేసరా, సచిన్ లాంటి రంగుల మిల్లుల ప్రాంతమున్న ఊళ్లో పాత ఇనుము కొట్టు డ్రమ్ము ఏ రసాయనం తాగిందో కడిగితే తెలియదు. జస్తా పూత ఉన్న రేకు బాగా కాలితే విషపు ఆవిరి వదులుతుంది. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, ప్యాకింగ్ పెట్టెల చెక్క వద్దు. మామిడి, జామ కట్టెలు మేలు. మాంసం నడిమిన 74 డిగ్రీలు తాకే దాకా ఉడికించి, ఆ పూటే తినేయాలి. తునకలకైతే తెలంగాణలో రోహిణి కార్తె ఎండలు బాగుంటాయి గానీ, సూరత్‌లో మే చివరికే సముద్రపు తేమ ముదురుతుంది. హోలీ వెళ్లగానే దండెం కట్టి, రాత్రిళ్లు లోపలికి తెచ్చుకుంటూ, పైన పలచని గుడ్డ కప్పి ఈగను రానివ్వకుండా చూస్తే మూడు నాలుగు రోజుల పని. వంచితే తునక పుటుక్కున విరగాలి. వంగి సాగిందంటే లోపల తడి ఉన్నట్టే, సీసాకు ఎత్తకూడదు.