ఒరగంటిమీద ఒక ఆంగ్లక్రియ

అచ్చాఫీసుతో ఏ కొంచెము పరిచయమున్నవారికైనను ‘ప్రూఫు’ అను మాట క్రొత్తది కాదు. కంపోజిటరు అక్షరములు కూర్చి, గేలీకెత్తి, సిరా పూసి, చవుకరకపు కాగితముమీద తీసిన తొలిప్రతికి ఆ పేరు. అందు తలక్రిందులైన అక్షరములుండును, ఎగిరిపోయిన పంక్తులుండును, వత్తు లూడిన హల్లులుండును. వానిని పట్టుకొనుటకే ప్రూఫు రీడరు ఎర్రసిరా కలముతో కూర్చుండును. అయితే ఇదే మాట న్యాయస్థానమున వినబడినప్పుడు రుజువు, సందేహమునకు తావులేని నిరూపణము అని అర్థము చెప్పుకొందుము. తప్పులకుప్పయైన కాగితమునకు రుజువు అని పేరు పెట్టుట ఏమి చిత్రము? అది దేనిని రుజువు చేయుచున్నది?

ఈ చిక్కు అచ్చుకూటముతో ముగియలేదు. చేతిగడియారము వెనుక ‘వాటర్ ప్రూఫ్’ అని చెక్కియుండును. మద్యము సీసాల లెక్కలలో ‘ప్రూఫ్’ అను కొలత యొకటి కలదు. రొట్టెలు కాల్చువాడు పిండిని ‘ప్రూవ్’ చేయుచున్నాననును. వీనిలో దేనికిని రుజువుపరచుట అను అర్థము సూటిగా అతుకదు. అతుకవలెనన్నచో, ఆ క్రియకు ఒకప్పుడు నిండుగానుండి, ఇప్పుడు మూలమూలల మాత్రమే మిగిలియున్న మరియొక అర్థమును వెదకికొనవలెను. ఆ అర్థము పరీక్షించుట. బంగారమును ఒరగంటిమీద గీచి వన్నె చూచినట్లు చూచుట.

‘ప్రూవ్’ అను క్రియకు మూలము లాటిను భాషలోని ‘ప్రొబారె’. మంచిది, నిజాయితీ గలది అను అర్థముగల ‘ప్రొబుస్’ అను విశేషణమునుండి అది పుట్టినది. కావున ఒక వస్తువు మంచిదో కాదో తేల్చుట దాని ఆదిమార్థము. ‘ప్రొబుస్’ మూలమును ఇంకను లోతుగా త్రవ్విన భాషాశాస్త్రజ్ఞులు అందు ‘ముందు’ అను అర్థముగల ఉపసర్గమును, ‘అగుట’ అను అర్థముగల ధాతువును గుర్తించి, మన సంస్కృతములోని ‘ప్రభు’ శబ్దమును దానికి దాయాదిగా చెప్పుదురు. ‘ప్ర’ అను ఉపసర్గమును, ‘భూ’ ధాతువును ఎరుగని తెలుగు పండితుడుండడు. ముందు నిలుచువాడు మనకు ప్రభువైనాడు. రోమునగరమువారికి ముందు నిలుచునది మంచిదైనది.

మంచిచెడ్డలను తేల్చుటలో మూడు మెట్లు కలవు: పరీక్షించుట యొకటి, పరీక్షకు నిలిచినదానిని మెచ్చుట రెండవది, అది నిలిచినదని నలుగురికి చూపుట మూడవది. లాటినుక్రియ యీ మూడింటిని మోసినది. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట ఫ్రెంచి మాటలు ఆ దేశపు భాషలోనికి వెల్లువగా వచ్చినప్పుడు, పాత ఫ్రెంచి రూపముద్వారా ఈ క్రియయు తన బరువుతోనే వచ్చినది. కొన్ని శతాబ్దముల పాటు పరీక్షించుటయు, నిరూపించుటయు ఒకే మాటలో ఇరుగుపొరుగుగా కాపురముండెను. పిమ్మట మొదటి యర్థము మెల్లమెల్లగా అరిగిపోయి, దాని స్థానమును ‘టెస్ట్’ అను మాట ఆక్రమించినది. ఆ మాటయు వెండిబంగారముల కల్తీని తేల్చుటకు వాడిన మూసకు పేరుగా ఆంగ్లములోనికి వచ్చినదే! ఐరోపాలోని మరికొన్ని భాషలలో మాత్రము పాత యర్థము నేటికిని పచ్చగానున్నది. స్పెయిన్ దేశపు ఇల్లాలు పులుసులో ఉప్పు సరిపోయినదో లేదో చూచునప్పుడును, క్రొత్త చొక్కా తొడిగి చూచునప్పుడును ‘ప్రొబార్’ అను క్రియనే వాడును. డచ్చివారి ‘ప్రూవెన్’ అనగా రుచి చూచుట.

ఆంగ్లములో పాత యర్థము చెక్కుచెదరక నిలిచిన గ్రంథము 1611లో వెలువడిన జేమ్సురాజు కాలపు బైబిలు అనువాదము. గొర్రెల కాపరియైన దావీదు గొల్యాతుతో పోరుటకు సిద్ధపడినప్పుడు సౌలురాజు తన కవచమును, శిరస్త్రాణమును అతనికి తొడిగించెను. దావీదు వానిని విప్పివేయుచు, తాను వానిని ‘ప్రూవ్’ చేయలేదని కారణము చెప్పెను. అనగా వాడి చూడలేదు, తనకు అలవాటులేదు అని భావము. అతడు చేతబట్టినది తాను అడవిలో పరీక్షించి యెరిగిన వడిసెలను. అదే గ్రంథములో అన్నిటిని ‘ప్రూవ్’ చేసి మేలైనదానిని పట్టుకొనుడని అపొస్తలుడైన పౌలు చేసిన బోధ కలదు. నేటి అర్థముతో చదువువానికి, అన్నిటిని రుజువు చేయుమను ఆ యాజ్ఞ అసాధ్యముగా తోచును. తెలుగు బైబిలు అనువాదకులు అచ్చట ‘పరీక్షించు’ అను క్రియను వాడి ఆ చిక్కును మొదటనే విప్పివేసిరి.

కవచముల కాలమున ఈ మాటకు కంటికి కనబడు రూపమే యుండెను. తుపాకులు వచ్చిన పిమ్మట, రొమ్ముకవచము చేసిన కమ్మరి దానిమీద తుపాకి కాల్చి చూచెడివాడు. గుండు చొచ్చుకొని పోయినచో కవచము పనికిరానిది. చొట్టపడి ఆగినచో ఆ చొట్టయే కవచమునకు యోగ్యతాపత్రము. అట్లు పరీక్షకు నిలిచిన కవచమునకు ‘ప్రూఫ్’ అను విశేషణము చేరినది. షేక్స్పియరు ‘మాక్బెత్’ నాటకమున ఒక వీరుని కవచమును ఆ మాటతోనే పేర్కొనినాడు. వాటర్ ప్రూఫ్, ఫైర్ ప్రూఫ్, బుల్లెట్ ప్రూఫ్ అను నేటి సమాసములు ఆ వంశమున పుట్టినవే: నీటి పరీక్షకు నిలిచినది, నిప్పు పరీక్షకు నిలిచినది, గుండు పరీక్షకు నిలిచినది అని వాని అర్థము.

తుపాకులకును ఈ పరీక్ష తప్పలేదు. గొట్టములో నాసిరకము ఉక్కున్నచో తుపాకి శత్రువునకంటె ముందుగా కాల్చినవానినే చంపును. అందువలన మామూలుకంటె ఎక్కువ మందు దట్టించి, మనుష్యులు దూరముగా నుండి, ఒకసారి కాల్చి చూచి, పగులక నిలిచినదానిమీద ముద్రవేయు ఆచారమేర్పడినది. లండను తుపాకి పనివారి సంఘమునకు 1637లో రాజశాసనము లభించినది. బర్మింగ్‌హాము పట్టణమున 1813లో పార్లమెంటు చట్టముచేత ‘ప్రూఫ్ హౌస్’ వెలసినది. ఈ పద్ధతి సముద్రము దాటి మన దేశమునకును వచ్చినది. ఒడిశాలో బాలాసోరు చెంతనున్న చాందీపూరు పేరు, క్షిపణుల ప్రయోగవార్తలు చదువు తెలుగువారందరికిని పరిచితమే. అచ్చట సముద్రపుపోటు తగ్గినప్పుడు నీరు మైళ్లకొలది వెనుకకు పోవుటచే, కాల్చిన గుండ్లను తిరిగి ఏరి పరిశీలించుటకు వీలు. ఫిరంగులను పరీక్షించుటకు 1895లో అచ్చట నెలకొల్పిన సంస్థ ఇప్పటికిని ‘ప్రూఫ్ అండ్ ఎక్స్‌పెరిమెంటల్ ఎస్టాబ్లిష్‌మెంట్’ అను పేరుతోనే నడచుచున్నది. ఆ పేరులోని ప్రూఫ్ రుజువు కాదు, పరీక్ష.

మద్యపు లెక్క ఇంకను వింతయైనది. తుపాకిమందును సారాలో తడిపి నిప్పంటించినప్పుడు అది మండినచో సారా చిక్కనిదనియు, మండక చప్పబడినచో నీళ్లు కలిపినదనియు పూర్వము ఇంగ్లండులో తేల్చెడివారని చెప్పుదురు. మందు అంటుకొనుటకు సరిహద్దుగా నున్న చిక్కదనమే ‘ప్రూఫ్’. పన్ను వసూలుచేయు ప్రభుత్వమునకు ఇట్టి మోటుపరీక్ష చాలదు గనుక, 1816 నాటి చట్టము సైక్సు అనునాతడు రూపొందించిన హైడ్రోమీటరును ప్రమాణముగా గైకొనినది. ఫారన్‌హీటు మానమున 51 డిగ్రీల వేడిలో, సమాన పరిమాణముగల నీటి బరువులో 13 భాగములకు 12 భాగములు తూగునది ప్రూఫ్ సారా. నేటి లెక్కలో దానియందు ఇంచుమించు 57.1 శాతము ఆల్కహాలుండును. బ్రిటనువారు ఈ కొలతను 1980లో విడిచి శాతములకు మారిరి. మనము మాత్రము పూర్తిగా విడువలేదు. మన విస్కీ, బ్రాందీ సీసాలమీద కనబడు 42.8 శాతము అను విచిత్రమైన అంకె ఎక్కడినుండి వచ్చినదని ఎవరైన ఆలోచించిరో లేదో. 57.1లో నాలుగింట మూడువంతులు లెక్కకట్టిన ఆ అంకెయే వచ్చును. దానినే ఎక్సైజువారు 25 డిగ్రీల ‘అండర్ ప్రూఫ్’ అందురు. ఏనాడో ఇంగ్లండులో భగ్గుమన్న తుపాకిమందు వాసన, ఒక అంకెలో దాగి, మన ఊరి దుకాణము దాక వచ్చినది.

వంటయింటిలోని వాడుక ఇంతకంటె సాధువైనది. గోరువెచ్చని నీటిలో చిటికెడు చక్కెర వేసి, అందు ఈస్టును కలిపి కొంతసేపుంచినప్పుడు నురుగు పొంగినచో ఈస్టు బ్రతికియున్నట్లు, పొంగనిచో చచ్చినట్లు. ఈ పరీక్షయే ‘ప్రూవింగ్’. పిసికిన పిండి పొంగుటకు పెట్టు విరామమునకును అదే పేరు. పుడ్డింగు యొక్క ‘ప్రూఫ్’ తినుటలోనున్నదను ఆంగ్లసామెత 17వ శతాబ్ది తొలిపాదమునుండియు గ్రంథస్థమై కనబడుచున్నది. ఆనాటి పుడ్డింగు నేటి తీపివంటకము కాదు. మాంసమును తరిగి, ప్రేగులో కూరి, ఉడికించినది. లోపల ఏమున్నదో పైకి తెలియదు గనుక నోటబెట్టి చూచుటయే దానికి పరీక్ష.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. పాత యర్థము తెలిసినవారికి దానిని ఎల్లెడల అతికించవలెనను ఉబలాటము కలుగును. అపవాదము నియమమును ‘ప్రూవ్’ చేయునను ప్రసిద్ధమైన ఆంగ్లవాక్యమునకు, అపవాదము నియమమును పరీక్షించునని అర్థము చెప్పి, లోకమంతయు పొరబడినదని మందహాసము చేయువారు పెక్కురు. వినుటకు ఇది సొంపుగానే యుండును, కాని నిలువదు. ఆ వాక్యము న్యాయశాస్త్రజ్ఞుల లాటిను సూత్రమునుండి వచ్చినది. దాని బీజము క్రీస్తుపూర్వము 56లో బాల్బుసు అనువాని పక్షమున సిసెరో చేసిన వాదములో నున్నది. కొన్ని జాతులతో చేసికొనిన సంధులలో, వారికి రోము పౌరసత్వమీయరాదను నిషేధము స్పష్టముగా నుండెను. అట్టి నిషేధము కొన్నిటిలో మాత్రమే యుండుటచేత, అది లేనిచోట పౌరసత్వమీయవచ్చుననియే తేలుచున్నదని ఆయన వాదించెను. గ్రంథాలయపు తలుపుమీద ‘శుక్రవారము సెలవు’ అని వ్రాసిన పలకను చూచి, తక్కిన ఆరుదినములు తెరచియుండునని మనము గ్రహించుట ఇట్టిదే. శుక్రవారపు అపవాదము, వ్రాయని నియమమును నిరూపించినది. ఆంగ్ల వాడుకపై 1926లో నిఘంటువు వెలువరించిన ఫౌలరు పండితుడును ఈ న్యాయార్థమునకే పెద్దపీట వేసెను. పరీక్షార్థముగల క్రియనుగూర్చి చెప్పిన వివరణమును గూడ పరీక్షింపక నమ్మరాదన్నమాట.

ఈ క్రియ చుట్టములు మన మధ్యనే పెక్కురు తిరుగుచున్నారు. బ్యాంకు కొలువునకు కుర్రవారు వేలకొలది వ్రాయు పరీక్షలో నెగ్గినవాడు ‘ప్రొబేషనరీ ఆఫీసరు’ అగును. అనగా పరీక్షలో నెగ్గి మరల పరీక్షాకాలములో ప్రవేశించినవాడు. నేరము చేసినవానిని చెరకు పంపక, సత్ప్రవర్తన చూపుటకు అవకాశమిచ్చు 1958 నాటి చట్టమునకును ప్రొబేషను చట్టమనియే పేరు. వీలునామా సరియైనదని కోర్టు తేల్చి ఇచ్చు పత్రము ‘ప్రొబేటు’. ‘ఇంప్రూవ్’ అను మాట మాత్రము చూపులకు అన్నదమ్మునివలె నున్నను ఆ ఇంటిది కాదు. లాభము అను అర్థముగల వేరొక పాత ఫ్రెంచి మాటనుండి వచ్చి, పోలికచేత ఇంటిపేరు మార్చుకొనినది.

తెలుగునాట బహుళప్రచారము గల హోమియో వైద్యములోను ఈ మాట కలదు. జర్మనీ దేశీయుడైన హానిమన్ 1790 ప్రాంతమున సింకోనా బెరడును తానే పుచ్చుకొని శరీరమున కలిగిన మార్పులను గమనించెను. ఆరోగ్యవంతులకు మందునిచ్చి లక్షణములు వ్రాసికొను ఆ పద్ధతికి ఆంగ్లములో ‘ప్రూవింగ్’ అని పేరు వచ్చినది. ఇది పాత యర్థమున పరీక్షయే గాని నేటి యర్థమున రుజువు కాదు; ఆ వైద్యపు సూత్రములను ఆధునిక శాస్త్రవేత్తలు అంగీకరింపనేలేదు. ఒకే మాటలో రెండర్థములు కాపురమున్నచో పేరు చూచి నిజమును భ్రమించుట ఎంత తేలికయో దీనివలన తెలియును.

మన భాషలో ఆ ప్రమాదము తక్కువ. ‘పరీక్ష’ అనగా చుట్టును తిరిగి చూచుట. ‘నిరూపణము’ అనగా రూపు కట్టించి చూపుట. రెండు పనులకు రెండు మాటలున్నవి. అయినను ఆంగ్లక్రియ తన కడుపులో దాచుకొనిన పాతమాట మనకును పనికివచ్చును: చొట్టపడని కవచమునకు సాక్ష్యము లేదు, పరీక్షకు ఒగ్గనిదానికి రుజువు లేదు. నోటిమాటగా ప్రకటించుట రుజువు కాజాలదు.

ఈ వ్యాసము గూడ ప్రూఫుగా తీయబడి, దిద్దబడి, మీ చేతికి వచ్చినది. దిద్దినవారి కన్నుగప్పి అందు ఏ వత్తో దీర్ఘమో జారిపోయినచో, కడపటి పరీక్ష మీదియే గనుక, తప్పక ఎత్తిచూపుడు.