ఎదురుచూపుల సీమలో వినోదములు

వినోదము సమృద్ధికి ఫలమనియు, పొట్ట నిండిన పిమ్మటనే మనుష్యుని చూపు ఆటపాటల వైపునకు మరలుననియు లోకమున ఒక నమ్మిక కలదు. అది ఎంతవరకు సత్యమో పరీక్షింపగోరువారు అనంతపురపు మెట్టసీమను చూడవలెను. నైరృతి ఋతుపవనము పడమటి కనుమలను దాటి వచ్చుసరికి తన నీటిలో చాలభాగమును ఆవలనే కురిసివేయుటచేతను, ఈశాన్య ఋతుపవనము తీరమునుండి ఇంతదూరము చేరుసరికి బలము తగ్గిపోవుటచేతను, ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానయే ఈ నేలకు దక్కుచున్నది. అదియు నమ్మిన వేళకు రాదు. అయినను తోలుబొమ్మలాటకు, వేమన పద్యమునకు, లేపాక్షి చిత్రములకు, ధర్మవరపు పట్టునకు ఈ సీమయే ఆటపట్టైనది. 2022లో జిల్లా రెండుగా విడిపోయి శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినను, ఈ వ్యాసమున ఆ రెంటిని ఒకే సీమగా తలంచుచున్నాను.

దీనికి కారణము వ్యవసాయములోనే యున్నదని నా అభిప్రాయము. తొలకరికి చెనక్కాయ విత్తి, వానలు వెనుకబట్టిన పిమ్మట చెట్టు పెరికి, కాయ ఒలిచి, కట్టెను వామి వేసికొన్న రైతునకు, బావిగాని చెరువుగాని లేనిచో, మరల తొలకరి మేఘము కనబడువరకు పొలమున పని యుండదు. నెలల తరబడి సాగు ఆ విరామము ఎన్ని కుటుంబములను బెంగుళూరు బాట పట్టించినదో, ఎన్ని అప్పులకు మూలమైనదో ఎఱుగనివాడను కాను. కాని ఆ విరామముననే, పని లేక ఊరకుండలేని చేతులు ఆటలను, కళలను, రుచులను కల్పించుకొన్నవి. ఈ సీమ వినోదములు కలిమివలన పుట్టలేదు, ఎదురుచూపువలన పుట్టినవి.

వంటింటినే ముందుగా చూతము. చలికాలమున అనపకాయలు వచ్చిన దినములలో ఇంటిల్లపాదికిని ఒక పని కలుగును. ఒలిచిన గింజలను నీటిలో నానవేసి, ఒక్కొక్క గింజను బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ నొక్కినచో పైపొట్టు చేతిలో మిగిలి పప్పు గిన్నెలోనికి జారును. అదియే పితికిన పప్పు. ముసలివారును పిల్లలును చుట్టు కూర్చుండి గంటసేపు పితికినను కూర ఒక పూటకే వచ్చును. ఆ గంటలో జరుగు మాటలును, పిల్లల పందెములును కూరలో భాగమే యని నేను చెప్పుదును. ఇక రాగిసంగటి సంగతి: ఉడికిన అన్నముపై రాగిపిండి పోసి, కలుపక కొంతసేపు ఆవిరిలో మగ్గనిచ్చి, అటుపిమ్మట తెడ్డుతో బలముగా గెలికి, తడిచేతితో ముద్ద చేయవలెను. తొందరపడి ముందే కలిపినచో పిండి ఉండలు కట్టును. దానికి తోడు వేయించిన చెనక్కాయలు, మిరపకాయలు, చింతపండు, ఉప్పు కలిపి రోట కచ్చాపచ్చాగా నూరిన ఊరుబిండి. పట్టణపు వీధులలో ఉదయముననే కనబడు ఉగ్గానియు ఇట్టి పొదుపు వంటయే. బొరుగులను నీట ముంచి పిండి, ఉల్లి, పచ్చిమిరప, పసుపులతో తాళింపు పెట్టి, పుట్నాలపొడి చల్లి, మిరపకాయ బజ్జీతో తినుట ఇక్కడివారికి ఎంత ఇష్టమో, ఊరు విడిచి దూరదేశములందున్నవారిని అడిగిన తెలియును.

ఇంటినుండి రచ్చబండకు వచ్చినచో అక్కడ పులిజూదము కలదు. గుడి అరుగుపై బండలో చెక్కిన గీతలే పటము, గులకరాళ్ళే పావులు. కానీ ఖర్చు లేదు. ఒకరికి 3 పులులు, మరియొకరికి 15 మేకలు. పులి మేకను దాటి ఆవలి ఖాళీస్థానమునకు దుమికినచో ఆ మేక చచ్చినట్లు. పులులకు కదలుటకు చోటులేకుండ కట్టివేసినచో మేకలు గెలిచినట్లు. ఇందులో నన్ను మిక్కిలి ఆకర్షించునది ఒక నియమము: మేకలను ఒక్కొక్కటిగా పటముపై పెట్టవలెను, 15 మేకలును దిగువరకు ఏ మేకయు కదలరాదు. పులి యథేచ్ఛగా తిరుగుచుండగా, ఒకటి రెండు మేకలు కన్నులయెదుట పోవుచుండగా, చలింపక తరువాతి మేకను ఎచ్చట నిలుపవలెనో ఆలోచించుట సామాన్యమైన నిగ్రహము కాదు. ఇరువురు ఆడుచుండ చుట్టు పదిమంది నిలిచి సలహాలు చెప్పుదురు. అది ఆటకు భంగమని ఎవ్వరును అనుకొనరు. జాతరలలో జరుగు బండలాగుడు పందెములు దీనికి కేవలము విరుద్ధమైనవి: పెద్ద బండరాతిని ఎద్దులజత నియమిత కాలములో ఎంతదూరము లాగునో కొలిచి బహుమానమిత్తురు. ఎద్దును మేపినవాని గౌరవమంతయు ఆ కొద్ది నిమిషములలో తేలును.

కొత్త ఆటలును వచ్చినవి. 1969లో విన్సెంట్ ఫెర్రర్ ఇక్కడ స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ అనంతపురమున క్రీడాగ్రామమును నెలకొల్పినది. స్పెయిన్ దేశపు టెన్నిస్ వీరుడు రాఫెల్ నాదల్ పేర 2010లో ఒక శిక్షణ కేంద్రము అచ్చటనే తెరువబడెను; 2024లో దులీప్ ట్రోఫీ క్రికెట్ పోటీలు ఆ క్రీడాగ్రామపు మైదానమున జరిగినవి.

ఏరుకొనుటయు ఒక వేడుకయే. తొలివానకు పైమన్ను కొట్టుకొనిపోగానే వజ్రకరూరు పొలములలో జనులు తలవంచి నడచుట కనబడును. భూగర్భమునుండి వజ్రములను పైకి తెచ్చిన కింబర్లైటు శిలలు ఆ ప్రాంతమున నుండుటచేత ఆ వెదకులాట నిరాధారము కాదు. అయినను వట్టిచేతులతో మరలువారే అధికము. నాకు ఇంతకంటె గొప్పదిగా తోచు సేకరణము లేపాక్షిలో నున్నది. 16వ శతాబ్దమున విజయనగరపు ఉద్యోగియైన విరూపన్న కట్టించిన వీరభద్రాలయమున లతామంటపము కలదు. అందలి స్తంభములపై తీగలు, పూవులు, పక్షులు ఒకదానిని పోలని ఒకటిగా చెక్కబడి, ఆ మంటపమంతయు రాతిలో కూర్చిన నమూనాల పుస్తకము వలె నున్నది. లేపాక్షి అంచులని నేతగాండ్రు పిలుచునవి ఈ ఆలయపు శిల్పములనుండియు, కప్పుపై చిత్రములలోని స్త్రీల చీరలనుండియు గ్రహింపబడినవే.

పద్యములను సేకరించినవారిని గూర్చియు చెప్పవలెను. ఇచ్చటి కటారుపల్లెలో సమాధి గల వేమన ఏమియు వ్రాసి దాచలేదు. ఆటవెలది చిన్నదగుటచేత, చివరి పాదము మకుటమై ముందే తెలిసియుండుటచేత, ఆ పద్యములు జనుల నోళ్ళలో బ్రతికినవి. సమయమునకు తగిన పద్యమును మాటల నడుమ అందించుట ఈ పల్లెలలో చదువురాని వారికిని తెలిసిన విద్య. సి. పి. బ్రౌను ఆ పద్యములను సేకరించి 1829లో ఆంగ్లానువాదముతో అచ్చువేయించెను. ఈ సీమ బిడ్డయే యైన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ 1928లో వేమనపై ఉపన్యాసములిచ్చి, చాటుకవిగా చూడబడుచున్నవానిని పండితుల సభలో మహాకవిగా నిలబెట్టెను. 1956లో విద్వాన్ విశ్వం రచించిన ‘పెన్నేటి పాట’ ఈ సీమ దైన్యమునే కావ్యవస్తువుగా గ్రహించినది.

ఇన్నింటిని ఒక్కచోట చేర్చిన కళ తోలుబొమ్మలాట. ధర్మవరము చేరువనున్న నిమ్మలకుంటలో, ఇండ్లలో మరాఠీ మాటలాడుకొనుచు తెర వెనుక తెలుగు పద్యములు పాడు కుటుంబములు కలవు. మేకతోలును గీకి, ఎండబెట్టి, వెలుతురు చొచ్చునంత పలుచన చేసి, నగలున్నచోట ఉలితో సన్నని రంధ్రములు పొడిచి, ఇరువైపుల రంగులు వేసి, మనిషియెత్తు బొమ్మను సిద్ధము చేయుదురు. దీపపు కాంతిలో ఆ రంధ్రములే రత్నములై మెరయును. అనావృష్టి కలిగినప్పుడు విరాటపర్వమును చదివించినను, ఆడించినను వాన కురియునని తెలుగు పల్లెలలో విశ్వాసము కలదు. వాన వచ్చినదో లేదో గాని, మబ్బు కొఱకు చూచు ఊరు ఆ రాత్రి కీచకుని కొఱకు చూచెడిది.

2020లో నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావునకు పద్మశ్రీ లభించినది. నేడు ఆ చేతులే దీపపు కవచములను, గోడకు వ్రేలాడదీయు చిత్రములను చేసి జీవనము గడుపుచున్నవి. అది మంచిదే, చేతిపని నిలిచినది. కాని బొమ్మను ఆడించుచు పద్యము పాడు గొంతునకు ఊరి పిలుపు కావలెను. పంట ఇంటికి చేరిన మాసములలో జాతర జరుపు పల్లెలవారు వారిని ఒక రాత్రికి రప్పింపవలెనని కోరుచున్నాను. ఆట ఒక గంటలో ముగింపజేయక, తెల్లవారువరకు సాగనీయవలెను. బృహన్నల రథమెక్కుటకును, కీచకుడు కూలుటకును, నడుమ నడుమ కేతిగాడును బంగారక్కయు నవ్వించుటకును అంత రాత్రియు కావలెను.