యుద్ధమువలన నిల్లు విడిచినవారికి సాయము

1941 డిసెంబరు 23వ తేదీన జపానువారు రంగూను నగరముపై బాంబులు వేసిరి. క్రిస్మసునాడు మరల వేసిరి. ఆ నగరములో నానాడు వేలకొలది తెలుగువారుండిరి. వారు గోదావరి, విశాఖపట్టణము, గంజాము జిల్లాలనుండి ఓడలెక్కి పోయి, రేవులో బస్తాలు మోసియు, బియ్యపు మిల్లులలో పాటుపడియు, రిక్షాలు లాగియు జీవించుచుండిరి. కోరంగి రేవునుబట్టి వారికి ‘కోరంగీలు’ అను పేరు కలిగెను. ఓడలో చోటు దొరికినవారు ఓడనెక్కిరి. తక్కినవారు పిల్లలను భుజములపై నిడుకొని నడిచిరి. కొందరు టౌంగుప్ కనుమ దాటి అరకాను మీదుగను, కొందరు చింద్విన్ నది దాటి టామూ మీదుగ మణిపురమునకును వచ్చిరి. ఇట్లు బర్మా విడిచిన భారతీయులు నాలుగైదు లక్షలని అంచనా.

దారిలో మరణించినవారు వేలకొలది. వారిలో పెక్కురను చంపినది బాంబు కాదు. కలరా, మలేరియా, ఆకలి. విద్యార్థులు దీనిని ముఖ్యముగ గమనింపవలెను. ఇల్లు విడిచినవానికి మొదట కావలసినది మంచి నీరు.

అస్సాములో తేయాకు తోటల యజమానుల సంఘమువారు దారిపొడవున మకాములు వేయించి, వేడి తేనీరు, అన్నము, మందులు ఇప్పించిరి. గుడిసెలు కట్టి బరువులు మోసినవారు మాత్రము తోటకూలీలే. ఇంత మేలు జరిగిన దారిలోనే పక్షపాతమును చోటుచేసికొనెను. ఐరోపావారికి సుళువైన మార్గము, భారతీయులకు కష్టమైన మార్గము చూపిరని దేశమంతట ఆక్షేపణ బయలుదేరెను. అణేగారు, హృదయనాథ కుంజ్రూగారు మణిపురము పోయి స్వయముగ విచారించిరి. సాయము చేయువాడు రంగు చూచినచో అది సాయమెట్లగును?

1997లో సేవాసంస్థలు పెక్కు కలసి ‘స్ఫియర్’ అను ప్రమాణములను ఏర్పరుప నారంభించినవి. వాని ప్రకారము మనిషికి దినమునకు 15 లీటరుల నీరు, అనగా మన యింటి పెద్ద బిందెడు, అందవలెను. ఇరువదిమందికి ఒక మరుగుదొడ్డి యుండవలెను. పిల్లలకు తట్టు రాకుండ టీకాలు వేయవలెను. పాతబట్టల మూటలు పంపుట సులభమే గాని, వానిని ఏరి పంచుటకే అచ్చట మనుష్యులు చాలరు. నమ్మకమైన సంస్థకు పంపిన కొలదిపాటి ధనమే మేలని మా అభిప్రాయము.

ఇక తప్పిపోయినవారి సంగతి. 1914 నాటి యుద్ధమున జెనీవాలో రెడ్‌క్రాసువారు ఖైదీల జాడ తెలుపుటకై సుమారు 70 లక్షల చీటీలు వ్రాసి యుంచిరి. చీటీమీద పేరు, తండ్రిపేరు, ఊరు సరిగ నున్నగాని మనిషి దొరకడు. గుంపులో చేయి విడిపోయిన అయిదేండ్ల బిడ్డను అడిగిన “అమ్మ” అని మాత్రమే చెప్పును. కావున తలిదండ్రులు చిన్నపిల్లలచే పూర్తిపేరు, తండ్రిపేరు, ‘పెద్దవంగర, మహబూబాబాదు జిల్లా’ అని వల్లె వేయింపవలెను. తాతల కాగితములలో వరంగల్లు జిల్లా అని యుండును. 2016లో జిల్లాలు మారినవి గదా, ఆ సంగతియు పెద్దపిల్లలకు తెలుపుట మంచిది.